ఫార్మాట్ కొట్టించే ముందు, అల్లుడూ

అల్లుడూ,

నువ్వు ఫోన్లో చెప్పిందంతా మీ అత్త కూడా విన్నది. షాపు సిస్టం కొత్త విండోస్‌కు మారాక ఒకట్రెండు రోజులు బాగానే నడిచిందని, తర్వాత పొద్దున ఆన్ చేస్తే లోగో దాకా వచ్చి మళ్లీ మొదటికే పోతా ఉందని, మధ్యలో ఏదో ఇంగ్లిషు అక్షరాలు వచ్చి చదివేలోపే మాయమైతున్నాయని చెప్పినావు. కదిరి నుంచి వచ్చిన కుర్రాడు చూసీ చూడగానే "అన్నా, ఫార్మాట్ కొట్టేద్దాం, గంట పని" అన్నాడని కూడా చెప్పినావు. నువ్వు సరేనన్నావో లేదో మాత్రం చెప్పలేదు. ఇంకా అనకపోయుంటే ఈ నాలుగు ముక్కలు చదివి అప్పుడు చెప్పు.

మన వైపు కంప్యూటర్ రిపేరంటే ఫార్మాటే. వైరస్ వస్తే ఫార్మాట్, ప్రింటర్ పలక్కపోతే ఫార్మాట్, నిదానంగా తెరుచుకుంటే ఫార్మాట్. ఆ కుర్రాణ్ణి నేను తప్పు పట్టను. ఫార్మాట్ అయితే గంటలో తేలిపోతుంది, కూలి చేతికొస్తుంది. కారణం వెతుకుతూ కూర్చుంటే సాయంత్రమైనా దొరుకుతుందో లేదో తెలీదు, కూర్చున్నందుకు డబ్బులిచ్చే గిరాకీ మన ఊళ్లలో లేడు. అతని లెక్క అతనికి సరైనదే. నీ లెక్క వేరు. ఫార్మాట్‌తో పోయేది అతనిది కాదు. మాటకు నీ సిస్టం అంటున్నాం గానీ, దాంట్లో ఉన్నది ఊరి సరుకు.

ఒకసారి కూర్చుని తలుచుకో. రైతుల పాస్‌బుక్కుల స్కాన్లు, 1బీలు, అడంగళ్లు, పిల్లల టెన్త్ మెమోలు, కౌన్సెలింగ్‌కు ఎక్కించిన ఫొటోలు, సంతకాలు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కట్టిన పెళ్లిపత్రికలు, గృహప్రవేశం కార్డులు, జాతర కరపత్రాలు. 2022 ఏప్రిల్ 4న మన మండలం అనంతపురం జిల్లా వదిలి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చినాక లెటర్‌హెడ్లు, బిల్లు పుస్తకాలు, రబ్బరు స్టాంపుల మేటర్లు అన్నీ తిరగ రాసుకున్నావు కదా, అవీ అందులోనే ఉన్నాయి. మళ్లీ కట్టాలంటే ఎన్ని రాత్రులు కూర్చోవాలో నాకంటే నీకే బాగా తెలుసు. జనం ఆధార్ స్కాన్లు ఏళ్ల తరబడి దాచిపెట్టుకోవడం తప్పు. దాని గురించి ఊరికొచ్చినప్పుడు విడిగా తిడతాను. ఇప్పుడు మాత్రం ఉన్నది పోకుండా చూసుకుందాం.

"సి డ్రైవ్ మాత్రమే కొడతాను, డి డ్రైవ్ భద్రం" అంటాడు ఆ కుర్రాడు. అందరూ అనేదే. కానీ నువ్వు పెట్టుకునేది ఎక్కడ? అంతా డెస్క్‌టాప్ మీద. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మూడూ సి డ్రైవ్‌లోనే ఉంటాయి. పైగా సి, డి రెండూ ఒకే డిస్కులో గీసుకున్న రెండు గదులు. పార్టిషన్ల స్క్రీన్ మీద తొందరలో ఒక్క డిలీట్ అటూ ఇటూ అయితే రెండోదీ పోతుంది.

అందుకే మొదటి పని బాగుచేయడం కాదు, ఫైళ్లు బయటికి తీసుకోవడం. సిస్టం తెరుచుకోకపోయినా డిస్కులో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. సీపీయూ డబ్బా తెరిచి హార్డ్‌డిస్కు ఊడదీసి, సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే పెద్ద పెన్‌డ్రైవ్ లాగానే కనిపిస్తుంది. ఆ కేబుల్ హిందూపురంలో దొరుకుతుంది, లేదంటే బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయేవాళ్లెవరికైనా చెప్పు. పాత పెద్ద డిస్కైతే దానికి వేరుగా కరెంటు ఇచ్చే అడాప్టర్ ఉన్న కేబులే తెప్పించు. డబ్బా విప్పడం భయమైతే ఇంకో దారుంది. వేరే సిస్టంలో ఒక పెన్‌డ్రైవ్ మీద లినక్స్ మింట్ ఎక్కించుకుని, నీ సిస్టంను ఆ పెన్‌డ్రైవ్ నుంచి స్టార్ట్ చెయ్. అది ఇన్‌స్టాల్ చేయకుండానే నడుస్తుంది. అడిగినా "ఇన్‌స్టాల్" మాత్రం నొక్కొద్దు. ఫోల్డర్లు తెరిచి బయటి డిస్కులోకి కాపీ చేసుకో, చాలు. డిస్కు టక్కు టక్కుమని శబ్దం చేస్తుంటే మాత్రం రిపేరు కమాండ్లేవీ కొట్టొద్దు. చావబోయే డిస్కును చెక్‌డిస్క్‌తో గంటల తరబడి గిలకొడితే మిగిలిన ప్రాణం కూడా పోతుంది. దొరికినంత కాపీ తీసుకుని పక్కన పెట్టెయ్.

కాపీ తీసేటప్పుడు డిస్కు తెరుచుకోకుండా తాళం గుర్తు చూపిస్తే అది బిట్‌లాకర్. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే ఇప్పటి విండోస్ 11 చాలా సిస్టంలలో చెప్పకుండానే డిస్కుకు తాళం వేస్తుంది. తాళంచెవి 48 అంకెలు. అది ఆ ఖాతాలోనే దాగి ఉంటుంది, ఫోన్లో లాగిన్ అయి చూసుకోవచ్చు. సిస్టం పెట్టినప్పుడు ఎవరి ఈమెయిల్ ఇచ్చినావో గుర్తు తెచ్చుకో. అమ్మినవాడి ఈమెయిలే ఉందంటే ఇప్పుడే వాడికి ఫోన్ చెయ్. ఆ అంకెలు దొరికేదాకా బయోస్‌లో ఏదీ మార్చొద్దు.

విండోస్ అప్‌గ్రేడ్ ఫైళ్లు ముట్టదు అనే నమ్మకం కూడా పెట్టుకోవద్దు. 2018 అక్టోబర్‌లో విండోస్ 10 పెద్ద అప్‌డేట్ ఒకటి విడుదలైంది. డాక్యుమెంట్ల ఫోల్డర్‌ను వేరే చోటికి మార్చుకున్న కొందరి ఫైళ్లను అది తుడిచేసింది. రోజుల్లోనే దాన్ని నిలిపేసి, సరిదిద్దినాక నవంబర్‌లో మళ్లీ వదిలినారు. పోయినవాళ్లకు పోయినవే.

ఫైళ్లు చేతికొచ్చినాక అసలు సంగతి. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటే: చివరిసారి బాగా తెరుచుకున్నప్పటికీ ఇప్పటికీ మధ్య ఏం మారింది?

ఈ ప్రశ్న ఎంత పనిచేస్తుందో 2024 జులై 19న లోకమంతా చూసింది. ఆ శుక్రవారం మన టైము ప్రకారం పొద్దున 9:39కి క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ ఒక చిన్న ఫైలు పంపింది. దాన్ని అందుకున్న విండోస్ సిస్టంలు నీలం స్క్రీన్ చూపించి పడిపోయినాయి, మళ్లీ లేచి మళ్లీ పడినాయి. సరిగ్గా నీది చేస్తున్నట్టే. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల సిస్టంలు. హైదరాబాద్ విమానాశ్రయంలో పెన్నుతో రాసిచ్చిన బోర్డింగ్ పాసు ఫొటో నువ్వు కూడా ఫోన్లో చూసే ఉంటావు. కంపెనీ గంటంబావులో ఫైలు వెనక్కి తీసుకుంది గానీ, అప్పటికే పడిపోయిన సిస్టంలు నెట్ అందుకునే దాకా లేస్తే కదా! ఎక్కువచోట్ల మనుషులు ఒక్కో సిస్టం ముందు కూర్చుని, సేఫ్ మోడ్‌లోకి పోయి, ఆ ఒక్క ఫైలు డిలీట్ చేయాల్సి వచ్చింది. బిట్‌లాకర్ ఉన్నచోట ఆ 48 అంకెల కోసం వెతుకులాట. పని నత్తనడకన సాగినా కంపెనీ చెప్పిన మందులో ఫార్మాట్ లేదు. అంత పెద్ద విమానాశ్రయాలు మూలపడితే ఒక్క ఫైలు తీసేస్తే సరిపోయింది. నీ షాపుకు ఫార్మాట్ కావాలా?

నీ సంగతిలో ఏం మారిందంటే కొత్త విండోస్ అని టక్కున అంటావు. కానీ అది ఎక్కినాక కూడా నడిచింది కదా. మాటల్లో మాటగా వేలిముద్రల మిషన్ పలక్కపోతే దాని పాత సీడీ పెట్టి డ్రైవర్ ఎక్కించినానన్నావు చూడు, నా అనుమానం అక్కడ. విండోస్ 7 కాలం నాటి డ్రైవర్లు విండోస్ లోపలి పొరలోకి దూరి కూర్చుంటాయి, స్టార్టింగ్‌లోనే లోడ్ అవుతాయి. కొత్త విండోస్‌తో పొసగకపోతే మొత్తం మిషన్నే పడేస్తాయి. "ఎక్కించిన రోజు బాగానే ఉంది కదా మామా" అంటావు. మామూలుగా షట్‌డౌన్ నొక్కితే విండోస్ పూర్తిగా ఆరిపోదు అల్లుడూ. పొద్దున త్వరగా లేవాలని లోపలి భాగాన్ని డిస్కులో దాచిపెట్టి పడుకుంటుంది. ఫాస్ట్ స్టార్టప్ అంటారు. రీస్టార్ట్ నొక్కినప్పుడో, కరెంటు పోయి ఉన్నట్టుండి ఆరిపోయినప్పుడో తప్ప మొదటి నుంచి లేవదు. అందుకే సోమవారం ఎక్కించిన చెడ్డ డ్రైవర్ బుధవారం కరెంటు పోయినాక బయటపడుతుంది. జనం మాత్రం బుధవారం ఏం చేసినామా అని వెతుకుతుంటారు.

పరీక్ష చాలా సులువు. వేలిముద్రల మిషన్, ప్రింటర్, స్కానర్, వెబ్‌క్యామ్, పెన్‌డ్రైవ్‌లు అన్నీ పీకేసి కీబోర్డు, మౌసు, మానిటర్ మాత్రం ఉంచి ఆన్ చెయ్. లేచిందా, దొంగ యూఎస్‌బీ వైపు ఉన్నాడు. లేవకపోతే లోగో వచ్చినప్పుడల్లా పవర్ బటన్ ఒత్తిపట్టి ఆర్పు. రెండు మూడుసార్లు అట్లా చేస్తే విండోస్ తనకు తానే రిపేర్ స్క్రీన్ తెస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, తర్వాత అంకె 4. అది సేఫ్ మోడ్. అక్కడ సిస్టం నిలబడిందంటే మదర్‌బోర్డు, డిస్కు, విండోస్ దాదాపు బాగున్నట్టే. పైన ఎక్కించినదేదో పొసగడం లేదు. డివైస్ మేనేజర్‌లో ఆ వేలిముద్రల డ్రైవర్ తీసెయ్, దాని ప్రోగ్రాం కూడా అన్‌ఇన్‌స్టాల్ చెయ్. తర్వాత ఆ మిషన్ కంపెనీ కొత్త విండోస్‌కు ఇచ్చిన డ్రైవర్ వెతికి పెట్టుకోవచ్చు. లేదంటే ఆ మిషన్ కాలం చెల్లిందనుకో.

ఆ మాయమైపోయే ఇంగ్లిషు అక్షరాలు కూడా ఊరికే రావు. ఫోన్లో వీడియో తీసి నిదానంగా నడిపించి చూడు. కింద పెద్దక్షరాల్లో కారణం ఉంటుంది, ఒక్కోసారి చివర్న ఫైలు పేరు కూడా. ఆ ఫైలు పేరు దొరికితే సగం పని అయినట్టే. "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్" అని ఉంటే మాత్రం నా అనుమానం వేలిముద్రల మిషన్ నుంచి బయోస్ మీదికి మారుతుంది.

దాని గురించి కొంచెం చెప్పనీ. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032. టైము, బయోస్ సెట్టింగులు గుర్తుంచుకునేది దాని ఆసరాతోనే. ఏళ్లకేళ్లు మార్చకపోతే అది చచ్చిపోతుంది. అప్పుడు మెయిన్ ఆపిన ప్రతిసారీ బోర్డు అన్నీ మర్చిపోయి, కంపెనీలో పుట్టినప్పటి సెట్టింగులకు పోతుంది. హార్డ్‌డిస్కుతో మాట్లాడే పద్ధతి ఒకటి అందులోనే ఉంటుంది. విండోస్ ఏహెచ్‌సీఐ పద్ధతిలో ఎక్కి, బ్యాటరీ చచ్చినాక బయోస్ ఐడీఈకో రెయిడ్‌కో మారిపోయిందనుకో, విండోస్‌కు తన డిస్కే దొరకదు. జనం అప్‌గ్రేడును తిడతారు. గుర్తు ఎట్లా అంటావా? సిస్టం లేచిన రోజుల్లో తేదీ ఎప్పటిదో పాత ఏడాది చూపిస్తుంటే, బ్యాంకు సైట్లు "భద్రత లేదు" అని తెరుచుకోకుండా మొండికేస్తుంటే, అదే. గడియారాల షాపులో దొరికే బిళ్ల అది. మార్చి, బయోస్‌లో ఆ ఒక్క సెట్టింగు వెనక్కి పెడితే సరిపోతుంది.

బోరులో నీళ్లు రాకపోతే మన రైతు ముందు స్టార్టర్ చూస్తాడు, ఫ్యూజు చూస్తాడు, కరెంటు మూడు ఫేజులూ ఉందో లేదో చూస్తాడు. ఏకంగా కొత్త బోరు లారీని పిలవడు. ఇక్కడా అంతే. ర్యామ్ తీసి బంగారు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ గట్టిగా నొక్కిపెట్టడం మన షాపుల్లో అందరూ చేసేదే, నవ్వొద్దు, చాలాసార్లు పనిచేస్తుంది. ఫ్యానులో దుమ్ము తీసి చూడు. యూపీఎస్ బ్యాటరీ నిలబడుతుందో లేదో చూడు. అప్‌డేట్ ఎక్కుతుండగా కరెంటు పోతే విండోస్ సగం కట్టిన గోడ మాదిరి మిగులుతుంది. వర్షాకాలం సాయంత్రాల్లో అప్‌గ్రేడు పెట్టుకోవద్దనేది అందుకే.

పైవేవీ కాకపోతే వెనక్కి పో. అప్‌గ్రేడు అయిన 10 రోజుల దాకా పాత విండోస్‌ను విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో దాచి ఉంచుతుంది. అదే రిపేర్ స్క్రీన్‌లో "అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్" ఉంది, చివరి చిన్న అప్‌డేట్ ముందు తీసి చూడు, తర్వాత పెద్దది. 10 రోజులు దాటితే ఆ దారి మూసుకుపోతుంది కాబట్టి రేపు మాపు అనొద్దు. స్థలం చాలడం లేదని డిస్క్ క్లీనప్ కొట్టి ఆ ఫోల్డర్ తుడిపేయొద్దు.

అప్‌గ్రేడుకు తొందరపడింది నువ్వొక్కడివే కాదులే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు ఆగిపోయినాయి, అందరూ పరుగుపెట్టినారు. విండోస్ 11కు టీపీఎం 2.0 చిప్ కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలు. మన దగ్గర ఎస్పీ రోడ్డు నుంచి తెచ్చిన సెకండ్ హ్యాండ్ డబ్బాలే ఎక్కువ. వాటికి ఏదో కిటుకు చేసి ఆ తనిఖీని దాటించి ఎక్కించేవాళ్లున్నారు. కొన్నాళ్లు నడిచేవీ ఉన్నాయి. కానీ విండోస్ 11లో 24హెచ్‌2 అనే వెర్షన్ వచ్చినాక కోర్ టూ డుయో లాంటి పాతవాటికి ఆ కిటుకులేవీ పనిచేయవు. ఆ విండోస్‌కు కావలసిన కొన్ని ఆదేశాలు ఆ ప్రాసెసర్‌కు పుట్టుకతోనే రావు, లోగో దగ్గరే మొదటికి తిరుగుతుంది. దాన్ని ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా అంతే. నీది ఎక్కినాక నడిచింది కాబట్టి ఆ జాతి కాదు. అయినా కిటుకుతో ఎక్కించిందే అయితే నా సలహా విండోస్ 10కే వెనక్కి పొమ్మని. నమోదు చేసుకున్నవాళ్లకు 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు ఇస్తామన్నారు. ఆలోపు డబ్బు కూడబెట్టుకో.

షాపులో రెండో డబ్బా ఒకటి ఉంది కదా, దాన్ని ఏ అప్‌గ్రేడుకూ తగలనీయొద్దు. ధర్మవరంలో పట్టుచీరల అంచులకు, కొంగులకు కంప్యూటర్ మీద గ్రాఫు గీసేవాళ్లున్నారు. ఆ డిజైన్ సాఫ్ట్‌వేర్లకు డాంగిల్ తాళం ఉంటుంది, పాత డాంగిల్ డ్రైవర్‌కు కొత్త విండోస్ పడదు. అట్లాంటి పనికి ఒక పాత సిస్టంను నెట్ పీకేసి, ఉన్నది ఉన్నట్టు ఉంచుకోవడమే తెలివి. నీకు ఆ సిస్టం పేజ్‌మేకర్‌కు పనికొస్తుంది. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ వచ్చింది 2001లో, దానికి కొత్త విండోస్‌తో పనేముంది? ఆ డబ్బాలోకి పెన్‌డ్రైవ్ పెట్టేముందు స్కాన్ చెయ్, అంతే.

ఇంత చేసినా లేవకపోతే, సరే, విండోస్ మళ్లీ ఎక్కించాల్సిందే. అప్పుడు కూడా ఫార్మాట్ బటన్ నొక్కనవసరం లేదు. ఆ పార్టిషన్‌ను ఎంచుకుని ఊరికే "నెక్స్ట్" కొడితే పాతదంతా విండోస్ డాట్ ఓల్డ్‌లోకి జరిగి, నీ డెస్క్‌టాప్ ఫైళ్లు అందులో దొరుకుతాయి. ముందు తీసిన కాపీ ఎటూ ఉంటుంది. ఆ కాపీలో అను ఫాంట్ల ఫోల్డర్, కీబోర్డు ప్రోగ్రాం, ప్రింటర్ డ్రైవర్, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు ఉన్నాయో లేదో చూసుకో. ఫాంటు లేకుండా పాత పత్రిక తెరిస్తే శ్రీరస్తు శుభమస్తు ఉండాల్సిన చోట వంకర ఇంగ్లిషు గీతలు, గుర్తులు కనిపిస్తాయి. పూర్తయిన ప్రతి పత్రికకూ పక్కనే పీడీఎఫ్ ఒకటి చేసి పెట్టుకోవడం అలవాటు చేసుకో.

కుర్రాడితో గొడవ పెట్టుకోకు. మన పల్లెల్లో ఎండనక వాననక బండి మీద వచ్చి చూసిపోయేది వాళ్లే. ఫైళ్లు కాపీ తీసిచ్చినందుకు, కారణం వెతికినందుకు ఫార్మాట్‌కు ఇచ్చే డబ్బే ఇస్తానని ముందే చెప్పు. అప్పుడు తీరిగ్గా కూర్చుంటాడు. అంతవరకు నీ డిస్కు మీద ఎవరినీ చెయ్యి వేయనీయొద్దు. కాపీ పూర్తయినాక, ఆ ఇంగ్లిషు అక్షరాల స్క్రీన్ వీడియో తీసి నాకు పంపు.